సరస్సు బరువెక్కిన ఏడాది

గోడ మీది గీత పైకి పోతున్నకొద్దీ ల్యాబు పెద్దాయన ముఖం వెలిగిపోతోంది, మెషీనమ్మ ముఖం వాడిపోతోంది. సరస్సు నీటి కొలతకి నెలకొక చుక్క. ప్రతి చుక్కా కిందటి నెల చుక్క కంటే కాస్త పైన. ఆ చుక్కలన్నీ కలుపుతూ పెద్దాయన ఎర్ర సిరాతో గీత గీసి, ల్యాబు తలుపుకు ఎదురుగా గోడకు అంటించాడు. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడూ, ఆఖరికి కరెంటు మీటరు చూసుకుపోయే మనిషి కూడా, ఆ గీత ముందు నిలబడి ఆయన ఉపన్యాసం వినాల్సిందే. "మన సరస్సు మారిపోతోందయ్యా! కళ్ళముందే మారిపోతోంది!" అని ఆయన చేతులు ఊపుతుంటే, వినేవాళ్ళు ఔనౌనని తలూపి మెల్లగా జారుకునేవాళ్ళు.

జారుకోవడానికి వీల్లేనిది మెషీనమ్మకొక్కదానికే. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. గదిలో సగం ఆక్రమించుకుని, రాత్రీ పగలూ గుర్రుమంటూ ఉండే ఆ కార్బన్ తూచే యంత్రాన్ని ఏళ్ళ తరబడి సాకుతోంది కాబట్టి మెషీనమ్మ. దాని పంపు ఏ పూట ఏ రాగం తీస్తే ఏ జబ్బో ఆమెకు తెలుసు. నడుం నొప్పి, కళ్ళ మంట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ట్యూబ్ లైటు వెలుగు. నలభై దాటి ఎంతయిందని అడిగితే, "మెషీన్‌ని అడగండి, అదే లెక్క పెడుతోంది" అంటుంది.

ఆ యంత్రం చేసే పని చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కార్బన్‌లో తేలికది ఒకటి, బరువుది ఒకటి ఉన్నాయి. బరువుది నూటికి ఒక్క పాలు. గుణం ఒకటే గానీ బుద్ధులు కాస్త వేరు. తేలికదానికి గ్యాసు రూపంలో గాలిలో తిరగడం ఇష్టం. బరువుది నీళ్ళలో ఉప్పులా కరిగి కూర్చోవడానికి మొగ్గు చూపుతుంది. అందుకే ఒక చోట కలిసి ఉన్న నీటికీ, దాని మీద నిలిచిన గ్యాసుకీ మధ్య ఎప్పుడూ ఒక తేడా ఉంటుంది, వెయ్యికి ఎనిమిదో తొమ్మిదో పాళ్ళు. నీళ్ళు చల్లబడితే ఆ తేడా కొంచెం పెరుగుతుంది, వేడెక్కితే కొంచెం తగ్గుతుంది. అంతే! అది ఇంకెవరి మాటా వినదు. పెద్దాయన మాట అసలే వినదు.

అక్కడే వచ్చింది చిక్కంతా. సరస్సు మధ్యలో ఒక ప్లాస్టిక్ తొట్టిని బోర్లించి, టైరు ట్యూబు కట్టి తేలేశారు. నీటిలోంచి వచ్చే గ్యాసు ఆ తొట్టి కింద పోగవుతుంది. తొట్టి నెత్తిన చిన్న కుళాయి ఉంటుంది. అరచేత్తో తడితే చాలు, గాలి తీసేసి పెట్టిన గాజు బుడ్డిలోకి గ్యాసు దానంతటదే వచ్చేస్తుంది. ఆ గ్యాసు అంకె, అంటే అందులో బరువుది ఎంతుందో చెప్పే అంకె, ఏడాదిగా ఉన్నచోటే ఉంది. పక్కనే సీసాలో పట్టిన నీటి అంకె మాత్రం నెలనెలా బరువెక్కుతోంది. రెంటి మధ్యా తేడా పది దాటింది, పదకొండూ దాటింది. ఆ వేడిలో ఉన్న నీటికి అంత తేడా ఉండటానికి వీల్లేదు.

"తొట్టి కారుతోందమ్మా, దాని అంకె గాలికొదిలెయ్," అన్నాడు పెద్దాయన. "సరస్సు అడుగున కుళ్ళు తగ్గుతోంది. కుళ్ళులోంచి వచ్చే తేలిక కార్బన్ తగ్గుతోంది. అందుకే నీళ్ళు బరువెక్కుతున్నాయి. మొత్తం కార్బన్ కూడా తగ్గుతోంది చూశావా? అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి!"

"అన్నీ సరిపోతే ఆ తొట్టి ఒక్కటే ఎందుకు సరిపోదు సార్?"

"నీకు ప్రతిదానికీ ఒక పుల్ల పెట్టడం అలవాటు," అని ఆయన నవ్వాడు. మంచివాడే పాపం. రిటైరయ్యేలోగా తన పేరు మీద ఒక్కటైనా పెద్ద సంగతి కనిపెట్టి పోవాలని ఆయన ఆశ. మరో రెండు మూడు నెలల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల సభలో ఈ గీత చూపించబోతున్నాడు. దానికి ముందు ఒక్కసారి నమూనాలు రెట్టింపు పట్టించి, ఎవరూ వంక పెట్టకుండా చేసుకుందామని, ఈసారి పడవ నడిపే సరంగుతో పాటు మెషీనమ్మనీ పడవ ఎక్కమన్నాడు.

సరంగు అంటే ఇంకెవరో కాదు, ఆమె బావ. అక్క మొగుడు. అక్క పెళ్ళయిన కొత్తలో చదువు వంకతో ఆ ఇంటికి వచ్చిన మెషీనమ్మ, చదువైపోయినా అక్కడే ఉండిపోయింది. ల్యాబులో సీసాలు కడిగే పనిలో మొదట పెట్టించింది బావే. సీసా మూయడం నేర్పిందీ ఆయనే. "మూత ఆగింది కదా అని వదిలెయ్యకు. ఆగాక ఇంకో పావు చుట్టు. ఇక చాలని బొటనవేలు చెప్పాలి, అప్పుడు ఆపాలి," అనేవాడు. పడవ మోటారు చప్పుడుకి చెవులు సగం పోయినా, ఎండకి ఒళ్ళు మాడి బొగ్గయినా, సరస్సు మీదికి వెళ్ళిన రోజున ఆయన మనిషే వేరు. మిగతా రోజుల్లో ల్యాబులో చిల్లర పని ముగించుకుని, ఇంట్లో ఒక కుర్చీలో కూర్చుని, అక్క కుట్టుమిషన్ మీద, మరదలి మెషీన్ మీద జోకులేస్తూ గడిపేవాడు.

"ఏమే మెషీనమ్మా, నీళ్ళంటే భయపడి గదిలో దాక్కునేదానివి, ఇవాళ పడవెక్కావేంటి?" అన్నాడు బావ, పడవ ఒడ్డు వదలగానే.

"నీ మీద కాపలాకి పంపించారు బావా. సరస్సులో కూర్చుని సీసాల్లో కుళాయి నీళ్ళు నింపుతున్నావేమోనని వాళ్ళకి అనుమానం."

"ఓసి నీ! కుళాయిలో నీళ్ళొస్తే ఇంత దూరం ఎందుకే నేను రావడం!"

ఇద్దరూ నవ్వుకున్నారు. చల్లటి గాలి. ఆకాశం మసిబట్టి ఉంది. తొట్టి దగ్గర పడవ ఆపి, బావ దాని కుళాయిని అరచేత్తో తట్టి గ్యాసు పట్టాడు. తర్వాత సీసాల పని. సీసాను నీటి అడుగునే నింపాలి, బుడగ మిగలకూడదు, నీటిలోని సూక్ష్మజీవులు చచ్చేలా ఒక్క చుక్క విషం వెయ్యాలి, మూత బిగించాలి. సగం అయ్యేసరికి వాన మొదలైంది. బావ ఒక్కో మూతకూ చాలాసేపు తీసుకుంటున్నాడు. సీసాను ఒళ్ళో పెట్టుకుని, వీపు ఆమె వైపు తిప్పి బిగిస్తున్నాడు. వయసు మీద పడుతోంది కదా అనుకుంది మెషీనమ్మ.

"ఇలా తే బావా, సగం నేను మూసేస్తాను. తడిసి ముద్దవుతున్నాం."

"అక్కర్లేదు. నువ్వు గొడుగు పట్టుకుని కూర్చో."

"గొడుగెక్కడుంది? ఇటివ్వు!" అని ఆమె లాక్కుంది. ఆమె మూసినవి నీలం పెట్టెలో, ఆయన మూసినవి ఎర్ర పెట్టెలో పెట్టారు. ఒడ్డుకు చేరేసరికి ఇద్దరికీ పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఎప్పటి అలవాటు ప్రకారం సీసాలు తమ వంతు వచ్చేదాకా అల్మారాలో కొన్ని వారాలు ఆగాయి. వంతు రాగానే మెషీనమ్మ ఒక్కోదాంట్లో ఆసిడ్ వేసి, వచ్చిన గ్యాసు యంత్రంలోకి పంపింది. ఎర్ర పెట్టె అంకెలు పెద్దాయన గీతకు చివర, ఆయన ఎక్కడ కోరుకున్నాడో సరిగ్గా అక్కడే వచ్చి కూర్చున్నాయి. నీలం పెట్టెవి మాత్రం కిందికి, ఏడాది కింద సరస్సు ఎక్కడుండేదో అక్కడికి పోయాయి. ఒకే పడవ, ఒకే పూట, ఒకే నీళ్ళు!

మొదట ఆమె చేసిన పని తనను తాను తిట్టుకోవడం. పడవ ఎక్కిందే ఎన్నాళ్ళకో, వానలో హడావిడిగా మూసింది, తనవే పాడయ్యాయి అనుకుంది. బావ చేతిలో తప్పు జరుగుతుందన్న ఊహే రాలేదు. ఆసిడ్ మార్చింది. పంపు విప్పి తుడిచింది. కొలతలు సరిచూసే గ్యాసు మళ్ళీ మళ్ళీ నడిపింది. అన్నం బల్ల మీదే చల్లారిపోయేది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ అంకెలు మాత్రం ఇసుమంత కదల్లేదు.

అప్పుడు తొట్టి గ్యాసు అంకె తీసి పక్కన పెట్టుకుంది. నీలం పెట్టె నీటికీ ఆ గ్యాసుకీ మధ్య తేడా చూసింది. ఆ రోజు నీళ్ళ వేడికి ఎంతుండాలో అంతే ఉంది. తొట్టి కారడం లేదు. ఏడాదంతా అది నిజమే చెబుతోంది. కారుతున్నది ఇంకేదో.

మెషీనమ్మ లేచి అల్మారా దగ్గరికి వెళ్ళింది. ప్రతి నెలా రెండు సీసాలు విప్పకుండా అట్టేపెడతారు, ఎప్పుడైనా అవసరం పడితే ఉంటాయని. వాటిని చూసేవాళ్ళే లేరు. పాతవాటి మూత మీద చెయ్యి వేసి తిప్పబోయింది. రాలేదు. చీర కొంగు అడ్డం పెట్టుకుని తిప్పినా రాలేదు. తర్వాతి నెలది కొంగుతో వచ్చింది. ఆ తర్వాతది కొంగు లేకుండానే వచ్చింది. అలా వరసలో ఒక్కో సీసా ముందుకు జరుగుతుంటే ఆమె చేతికి కష్టం తగ్గుతూ వచ్చింది. చివరి నెల సీసా దగ్గరికి వచ్చేసరికి మూత ఒక్క వేలితో గిర్రున తిరిగింది.

ఆమెకు అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. మూత బిగియలేదు. సందులోంచి గ్యాసు కొంచెం కొంచెంగా పోయింది. ముందు పోయేది తేలికది. బరువుది నీళ్ళలో మిగిలిపోయింది. నెలనెలా సందు పెద్దదైంది. పెద్దాయన గోడకు అంటించుకుని మురిసిపోతున్నది సరస్సు గీత కాదు. అది బావ చెయ్యి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె నోరు మూసుకుని చూస్తూ కూర్చుంది. చూస్తే కనపడనిది ఏముంది? ఇన్నాళ్ళూ చూడలేదంతే. బావ చొక్కాలకి గుండీలు లేవు. "గుండీలుంటే గాలి ఆడట్లేదు, తల మీంచి వేసుకునేవి కుట్టవే" అని అక్కనడిగితే, అక్క పొంగిపోయి నాలుగు కుట్టి ఇచ్చింది. కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. మంచినీళ్ళ సీసాకి మూత పెట్టడం మానేశాడు. అక్క రోజూ దాని మీద సణుగుతూనే ఉంది. కుడి చేతి బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. ఇంత జరుగుతుంటే ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒక్కరికీ కనపడకపోవడమేంటి? మెషీనమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో సీసాలు కడిగే గదిలో బావ ఒక్కడే ఉన్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి, ఒక ఖాళీ సీసా, మూత ఆయన ముందు పెట్టింది.

"ఇది కాస్త బిగించివ్వు బావా."

"ఏం, నీకు చేతులు లేవా?"

"ఉన్నాయి. నీ చేత్తో బిగించు."

ఆయన సీసా తీసుకున్నాడు. మూత పెట్టి, ఒకసారి తిప్పి, ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాడు గానీ జోకు రాలేదు. సీసాను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదు. ఎన్నాళ్ళయింది బావా?"

"ఏమో. మొదట్లో చలికనుకున్నా. తర్వాత వయసనుకున్నా. నొప్పి కూడా ఉండదే దరిద్రం, నొప్పైనా ఉంటే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి. వేలుకి చెబుతా, అది వినదు. అంతే." ఆయన తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మూత బిగిసిందనే అనుకునేవాణ్ణే. ఒట్టు. చాలని బొటనవేలే చెప్పేది. అదే అబద్ధం చెబుతుంటే నేనేం చెయ్యను?"

మెషీనమ్మకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం."

"పోతే? సరంగూ, చెయ్యి పోయింది, ఇక ఒడ్డున కూర్చో అంటారు. ఇన్నేళ్ళూ నెలకోసారి ఆ నీళ్ళ మీదికి పోతాననే కదా మిగతా రోజులు ఈడ్చుకొస్తున్నా. ఒడ్డున కూర్చుంటే నేనెవర్నే? మీ అక్క గుడ్డలకి కాజాలు కుట్టనా? ఈ చేత్తోనా?" అని ఆయన నవ్వబోయాడు. "నా మాట విను. మెషీన్ పాడైందని చెప్పు. అది ఎలాగూ రోజూ ఏదో ఒకటి మొరాయిస్తూనే ఉంటుందిగా."

"నా మెషీన్ని అనకు బావా. ఈ ఏడాదంతా నిజం చెప్పింది అదొక్కటే."

"పోనీ ఇంకేదైనా చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, నీకు దొరక్కపోదు. నీకు దణ్ణం పెడతానే."

ఎన్నడూ ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి. ఆ మాట విన్నాక ఆమె ఇక అక్కడ నిలబడలేక, అక్కకీ ఎవరికీ చెప్పనని మాటిచ్చి బయటికి వచ్చేసింది.

దొరికింది. సాకు దొరకదా మరి? పెద్దాయన గదిలోకి వెళ్ళి, రెండు పెట్టెల అంకెలు ఆయన ముందు పెట్టి, మూతల లోపలుండే రబ్బరు బిళ్ళలు నాసిరకం వచ్చాయని, అవి క్రమంగా గట్టిపడి గ్యాసు వదిలేస్తున్నాయని, నీలం పెట్టెలో పడినవి అదృష్టం కొద్దీ మంచివని చెప్పింది. సరస్సు మారలేదు సార్, మూతలే మారాయి అంది. ఇందులో సగం నిజం, సగం అబద్ధం. సగం నిజం ఉండటం వల్లనే నోరు తడబడలేదు.

పెద్దాయన ఆ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ మళ్ళీ లెక్క వేసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, గోడ మీది గీతను నాలుగు మూలలా జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, సొరుగులో పెట్టాడు.

"నువ్వు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నావు, తేడా కుదరట్లేదని," అన్నాడు. "నాకు వినాలనిపించలేదు. పోనీలే. సభలో నవ్వులపాలు కాకముందే చెప్పావు. కొత్త రబ్బర్లు తెప్పిద్దాం."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మెషీనమ్మ తిరిగి వచ్చి యంత్రం ముందు కూలబడింది. సరస్సు గురించి అబద్ధం పైకి పోకుండా ఆగింది. బావ పడవ ఆగలేదు. అందరికీ మంచే జరిగింది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. అది సర్దుకోలేదు.

ఆ తర్వాత ఆమె ప్రతిసారీ పడవ ఎక్కడం మొదలుపెట్టింది. బావ నింపుతాడు, ఆమె మూస్తుంది. ఎవరైనా అడిగితే కొత్త రబ్బర్లు వచ్చేదాకా పరీక్ష చేస్తున్నానంటుంది. రోజంతా యంత్రం చాకిరీ, పైగా పడవ చలి. ఆమెకు ఒళ్ళు హూనమైపోయేది. "డాక్టరు దగ్గరికి ఎప్పుడు బావా?" అంటే "ఈ ఒక్క విడతా అవ్వనీ" అనేవాడు. ఆ విడత అయ్యాక ఇంకో విడత. బతిమాలింది, తిట్టింది, మాట్లాడటం మానేసింది. "అక్కకి చెప్పేస్తా" అని బెదిరించింది కూడా. "చెప్పవు. నువ్వు మాటిచ్చావు" అనేవాడు. నిజమే, ఇచ్చింది. ఏ నోటితో ఇచ్చిందో ఆ నోటిని తిట్టుకుంటూ తిరిగింది.

ఒక ఆదివారం పొద్దున బావ పొయ్యి మీంచి వేణ్ణీళ్ళ గిన్నె దించబోయి కాళ్ళ మీద వేసుకున్నాడు. అక్క గోల పెట్టి, వీధి చివర డాక్టరు దగ్గరికి ఉన్నపళంగా లాక్కెళ్ళింది. మెషీనమ్మ వెనకే వెళ్ళింది. చిన్న గది, ఒక బల్ల, మూడు కుర్చీలు, మందుల వాసన. డాక్టరు కాలికి మందు రాసి కట్టు కడుతూ, "గిన్నె ఎలా జారింది?" అని అడిగాడు.

"చెయ్యి తడిగా ఉంది," అన్నాడు బావ.

డాక్టరు ఆ చెయ్యి తీసుకుని తిప్పి చూశాడు. బొటనవేలి మొదట్లో నొక్కాడు. బల్ల మీది కాగితం ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, గట్టిగా పట్టుకోమని మెల్లగా లాగాడు. కాగితం ఊరికే వచ్చేసింది. డాక్టరు ముఖంలో అంతకుముందున్న తీరిక పోయింది.

"ఇది ఎప్పటి నుంచి?"

"ఈ మధ్యే డాక్టర్ గారూ. ఓ పది రోజులు. పడవ తాడు లాగుతుంటే పట్టేసినట్టుంది."

"అవునండీ, తాడు లాగీ లాగీ," అంది అక్క. "నేను ఎన్నిసార్లు చెప్పినా వినరు. కాస్త ఏదైనా నూనె రాసి ఇవ్వండి."

డాక్టరు కలం తీశాడు. "పది రోజులే అయితే బెణుకే అయ్యుంటుంది. నెల రోజులు చేతికి పని చెప్పకండి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం. కానీ గుర్తు చేసుకుని చెప్పండి. ఇంకా ముందు నుంచీ ఉంటే మాత్రం లెక్క వేరు. ఇవాళే పెద్దాసుపత్రికి రాయాలి. నరాల డాక్టరు చూడాలి. ఆలస్యం చేసేది కాదు."

"పది రోజులే," అన్నాడు బావ. అలా అంటూ మరదలి వైపు చూశాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. బతిమాలుకోవడం ఉంది, అలసట ఉంది.

డాక్టరు నూనె పేరు రాయడం మొదలుపెట్టాడు. రాసేస్తే అయిపోతుంది. అందరూ ఇంటికి పోతారు. వచ్చే వారం పడవ ఎక్కుతారు. ఆయన నింపుతాడు, తను మూస్తుంది. ఇలా ఎన్నాళ్ళైనా మూస్తూ ఉండొచ్చు. ఆమె అంతా ఆలోచించింది, ఆలోచించి విసిగిపోయింది. ఇక ఏదీ మొయ్యడానికి ఆమెలో ఓపిక లేదు.

"ఆగండి డాక్టర్ గారూ," అంది. "పది రోజులు కాదు. ఏడాది దాటింది."

అక్క గబుక్కున ఇటు తిరిగింది. "ఏంటే నువ్వనేది?"

"ఏడాది దాటిందక్కా. అంతకు ముందు నెలల సీసాలు గట్టిగానే ఉన్నాయి."

"సీసాలేంటి? ఈయన చెయ్యేంటి? నీకెలా తెలుసు?"

మెషీనమ్మ చెప్పింది. మూతల సంగతి, గ్యాసు సంగతి, రబ్బర్ల పేరుతో తను ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. అక్కకు సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగానికే ఆమె ముఖం పాలిపోయింది. "గుండీలు లేని చొక్కాలు నేనే కుట్టిచ్చాను కదే," అని మాత్రం అనగలిగింది. బావ తల వంచుకుని కాలి కట్టు చూసుకుంటున్నాడు.

డాక్టరు రాసిన కాగితం పక్కన పెట్టి ఇంకో కాగితం తీసుకున్నాడు. "నెలనెలా కొలిచారన్నమాట. అయితే ఒక్కటి చెప్పండి. ఇది చాలా ముఖ్యం. ఆగి ఆగి పెరిగిందా? మధ్యలో ఏ నెలైనా కాస్త కుదుటపడిందా? లేక ఒకే తీరున పెరుగుతూ పోయిందా? మధ్యలో ఆగి ఉంటే కాస్త ఆశ ఉంటుంది."

ఆమె కళ్ళముందు ఆ ఎర్ర గీత నిలబడింది. చుక్కలన్నీ గీత మీదే, ఒక్కటీ పక్కకు జరగలేదని, ఇంత శుభ్రమైన కొలతలు తన జీవితంలో చూడలేదని పెద్దాయన ఎన్నిసార్లు మెచ్చుకున్నాడో! అప్పుడు ఆమె లోలోపల ఎంత గర్వపడిందో! ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క కింద పడి ఉంటే ఎంత బాగుండును. పోనీ మెషీనైనా ఒక్క నెల తప్పు చేసి ఉంటే బాగుండును. ఏదో ఒక నెల కొంచెం ఆగినట్టుందండీ అనడానికి నోటిదాకా వచ్చింది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు కదా ఇప్పుడు.

"ఒకే తీరున డాక్టర్ గారూ," అంది. "ఒక్క నెల కూడా ఆగలేదు."

డాక్టరు అదీ రాసుకున్నాడు. పెద్దాసుపత్రి పేరు, ఆ రోజు తేదీ, కింద రెండు గీతలు గీసి "అత్యవసరం" అని రాశాడు. అక్క బావ కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పోగొట్టుకున్నదేదో అందులో వెతుకుతున్నట్టు వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూస్తోంది. మెషీనమ్మకు బావ ముఖంలోకి చూసే ధైర్యం లేదు. మాట తప్పింది. ఆయన పడవ తీసేసుకుంది. ఇక జన్మలో ఆయన తనతో మాట్లాడకపోయినా అనడానికేం లేదు.

"ఏమే," అన్నాడు బావ.

ఆమె తలెత్తింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"రేపు పెద్దాయనకి కూడా చెప్పెయ్. రబ్బర్ల తప్పేం లేదని. పాపం, అనవసరంగా కొత్తవి తెప్పిస్తున్నాడు."